పోలిక ఆగిపోయే చోటు కూడా పాఠమే

సంపాదకులు గారికి,

నమస్కారం. కణాన్ని ఒక నగరంగా ఊహించుకోమంటూ మీ విద్యార్థి పుటలో ఇటీవల వచ్చిన పాఠం చదివాను. కేంద్రకం పురపాలక కార్యాలయమని, మైటోకాండ్రియా విద్యుత్ కేంద్రమని, గాల్జి సంక్లిష్టం తపాలా కార్యాలయమని, లైసోజోములు చెత్తకుండీలని, కణత్వచం కాపలా ఉన్న ద్వారమని చక్కని బొమ్మతో వివరించారు. జీవశాస్త్రం బోధించే వృత్తిలో ఉన్న నాకు ఈ పద్ధతి మీద వ్యతిరేకత ఏమీ లేదు. నేనూ రోజూ వాడేదే. అయితే ఆ పాఠంలోనూ, మన తరగతి గదుల్లోనూ పోలిక ఎక్కడ కుదురుతుందో చెబుతున్నారు గానీ, ఎక్కడ కుదరదో చెప్పడం లేదు. ఆ రెండో సగం చెప్పకపోతే విద్యార్థికి కణం గురించి తెలిసేది తక్కువ, తెలిసిందనే భ్రమ ఎక్కువ. ఈ విషయం మీ పాఠకులైన ఉపాధ్యాయుల ముందు, తల్లిదండ్రుల ముందు ఉంచడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పోలికలు లేకుండా ఈ పాఠం చెప్పడం కష్టమన్నది నిజమే. మన శరీరంలోని కణాల్లో చాలావాటి వ్యాసం 10 నుంచి 30 మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. అంటే ఒక మిల్లీమీటరు పొడవులో వాటిని వరుసగా పేరిస్తే ముప్పై నుంచి వంద దాకా పడతాయి. బడిలో ఉండే సూక్ష్మదర్శినిలో మొక్క కణం చుట్టూ ఉండే గోడ (కణకవచం), కేంద్రకం, తగిన ఆకు దొరికితే హరితరేణువులు కనిపిస్తాయి. 20 నుంచి 30 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రోమీటరులో వెయ్యో వంతు) మాత్రమే ఉండే, ప్రోటీన్లను కూర్చే రైబోజోము గానీ, కణం లోపల వలలా అల్లుకున్న అంతర్జీవద్రవ్యజాలపు పొరలు గానీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లేకుండా కనిపించవు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసినవి ఖాళీ గదులే. కేంద్రకాన్ని రాబర్ట్ బ్రౌన్ గుర్తించి పేరు పెట్టింది 1831లో; కమిల్లో గాల్జి తన పేరుతో నిలిచిపోయిన నిర్మాణాన్ని వర్ణించింది 1898లో; లైసోజోముల సంగతి క్రిస్టియన్ డి డ్యూవ్ బృందం 1955లో బయటపెట్టే దాకా ఎవరికీ తెలియదు. దాదాపు మూడు వందల ఏళ్లు పట్టిన ఈ అన్వేషణను మూడు నాలుగు పీరియడ్లలో, చేతిలో సుద్దముక్క తప్ప మరేమీ లేకుండా చెప్పవలసిన ఉపాధ్యాయుడు పోలికను ఆశ్రయించడంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. శాస్త్రవేత్తలూ ఆ పనే చేశారు. శరీరాన్ని కణాలనే పౌరులున్న రాజ్యంగా రుడాల్ఫ్ విర్కో పందొమ్మిదో శతాబ్దంలోనే వర్ణించాడు.

అన్నిటికంటే ఎక్కువ ప్రచారంలో ఉన్న పోలికను ముందుగా తీసుకుంటాను. మైటోకాండ్రియాకు ‘కణ శక్త్యాగారం’ అనే బిరుదు 1957లో ఫిలిప్ సికెవిట్జ్ రాసిన వ్యాసంతో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఈ పోలికలో ఉన్న బలాన్ని మనం పూర్తిగా వాడుకోవడం లేదన్నది నా మొదటి ఫిర్యాదు. విద్యుత్ కేంద్రం అనగానే విద్యార్థి ఏదో పెద్ద భవనాన్ని, పొగ గొట్టాలను ఊహించుకుని అక్కడే ఆగిపోతున్నాడు. దానికి బదులు జలవిద్యుత్ కేంద్రం అని చెప్పి చూడండి. ఆనకట్ట వెనుక ఎత్తున నిలిచిన నీరు కిందికి వచ్చే దారిలో టర్బైనును తిప్పుతుంది. మైటోకాండ్రియా లోపలి పొరకు ఒక పక్కన ప్రోటాన్లు అలాగే పోగుపడతాయి. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు అంచెలంచెలుగా చేతులు మారుతూ విడుదల చేసే శక్తే వాటిని అక్కడికి తోడిపోస్తుంది. అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో ఏటీపీ సింథేజ్ అనే ఎంజైములోని ఒక భాగం నిజంగానే గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడుతోనే ఏడీపీ అనే అణువుకు మరో ఫాస్ఫేటు జతపడి, కణం పనులకు కావలసిన శక్తిని మోసే ఏటీపీ తయారవుతుంది. 1961లో పీటర్ మిచెల్ ఈ ఊహను ముందుకు తెచ్చినప్పుడు తోటి శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు. 1978లో దానికే నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత దూరం తోడు వచ్చే పోలికను ఒక బిరుదుగా మార్చి బట్టీ పట్టించడం చూస్తే బాధ కలుగుతుంది.

ఇక ఆ పోలిక ఆగే చోటు. ‘‘టీచర్, మైటోకాండ్రియా నుంచి కేంద్రకానికి తీగలు ఏవి? బొమ్మలో వేయలేదేం?’’ అని ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు అడిగితే తరగతి అంతా నవ్వింది. నిజానికి ఆ రోజు పాఠంలో అంతకంటే మంచి ప్రశ్న మరొకటి లేదు. తీగలు లేవు; ఇక్కడ తయారయ్యేది ప్రవాహం కాదు, పదార్థం. ఏటీపీ అణువులు కణం లోపల నిండి ఉండే కణద్రవ్యంలోకి చేరి, అవసరమైన చోట ఫాస్ఫేటును వదిలి, ఏడీపీగా మారి, మళ్లీ మైటోకాండ్రియాకు చేరుకుంటాయి. ఏ క్షణంలో తూచినా శరీరంలో ఉండే ఏటీపీ పావుకిలోకు మించదు. అయినా మనిషి రోజు మొత్తంలో దాదాపు తన బరువంత ఏటీపీని వాడుకోగలుగుతున్నాడంటే అదే అణువు రోజుకు వందల సార్లు తిరిగి తయారవుతున్నదని అర్థం. విద్యుత్ కేంద్రం పోలికలో ఈ తిరుగు ప్రయాణానికి చోటు లేదు. (కండరాల్లో ఈ ఏటీపీని 1929లో కార్ల్ లోమన్ కనుగొన్న కాలంలోనే, జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి పనిచేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా విడిగా కనుగొన్నారు. తెలుగులో ఈ పాఠం చెబుతూ ఆ పేరు తలచుకోకుండా ముందుకు పోవడం నాకు వింతగా ఉంటుంది.)

శక్తి అంతా మైటోకాండ్రియా నుంచే వస్తుందని ఈ బిరుదు నమ్మిస్తుంది. పరిణతి చెందిన మానవ ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఒక్కటి కూడా ఉండదు. అయినా అది గ్లూకోజును కణద్రవ్యంలోనే పాక్షికంగా విడగొట్టుకుంటూ సుమారు 120 రోజులు పనిచేస్తుంది. హరితరేణువు మొక్కకు వంటగది, మైటోకాండ్రియా జంతువుకు విద్యుత్ కేంద్రం అని జంటగా చెప్పిన చోట పిల్లలు మొక్కల కణాల్లో మైటోకాండ్రియా ఉండవనే నిర్ణయానికి వస్తారు. ఈ పొరపాటు ఇంటర్మీడియట్ దాకా వదలకుండా వెంట వస్తుంది. మరో ముఖ్యమైన తేడా ఉంది. మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది, మనుషుల్లో అందులో 37 జన్యువులు ఉంటాయి, అది పెరిగి రెండుగా చీలుతుంది. ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బ్యాక్టీరియాల సంతతి అది అన్న వాదాన్ని లిన్ మార్గులిస్ 1967లో బలంగా ముందుకు తెచ్చారు. నేడు దాన్ని జీవశాస్త్రజ్ఞులు అంగీకరిస్తున్నారు. పిల్లలను కట్టిపడేసే ఈ కథ విద్యుత్ కేంద్రం అనే మాట దగ్గర ఆగిపోయిన తరగతికి ఎప్పటికీ చేరదు.

కేంద్రకం విషయంలో నా అభ్యంతరం ఇంకా గట్టిది. మెదడు, అధికారి, ప్రధానోపాధ్యాయుడు, మీ పాఠంలో పురపాలక కార్యాలయం: ఏ పేరు పెట్టినా ఆజ్ఞలిచ్చే ఒక వ్యక్తి లోపల కూర్చున్నాడనే భావన విద్యార్థి మనసులో నాటుకుంటుంది. కేంద్రకంలో ఉన్నది ఆజ్ఞలిచ్చే వ్యక్తి కాదు, సమాచారం. దీనికి గ్రంథాలయం పోలిక ఎంతో మేలు. అందులోనూ పుస్తకాలను బయటికి ఇవ్వని గ్రంథాలయం. కావలసిన పుట నకలు మాత్రమే బయటికి వెళుతుంది; ఆ నకలే సందేశక ఆర్‌ఎన్‌ఏ. కేంద్రక త్వచంలోని రంధ్రాల గుండా బయటికి వచ్చిన ఆ నకలును చదివి రైబోజోము ప్రోటీను కూర్చుతుంది. పని అయ్యాక నకలు చిరిగిపోతుంది, మూలగ్రంథం భద్రంగా ఉంటుంది. కాలేయ కణంలోనూ, కంటి కణంలోనూ పుస్తకాలు అవే అయినప్పుడు ఆ రెండూ అంత వేరుగా ఎందుకున్నాయని అడిగితే, ఏ పుటలు చదువుతున్నారన్నదే తేడా అని పిల్లలు తామే చెబుతారు. అధికారి పోలికతో ఈ ప్రశ్న పుట్టదు, జవాబూ దొరకదు. సుమారు రెండు మీటర్ల పొడవైన డీఎన్‌ఏ కొన్ని మైక్రోమీటర్ల కేంద్రకంలో ఎలా సర్దుకుందన్న ప్రశ్నకు కూడా పుస్తకాల అమరిక గురించిన ఆలోచన దారి చూపుతుంది.

గ్రంథాలయం పోలిక కూడా ఒక చోట ఆగిపోతుంది, ఆగవలసిందే. గ్రంథాలయంలో పుట తెరిచేది పాఠకుడు. కణంలో ఆ పాఠకుడు ఎవరు? ఎవరూ లేరు. కణద్రవ్యం నుంచి వచ్చిన ప్రోటీన్లు డీఎన్‌ఏలో తమకు సరిపడే చోట అతుక్కుంటే అక్కడి పుట తెరుచుకుంటుంది. ఆ ప్రోటీన్లు ఎప్పుడు వస్తాయన్నది తరచుగా కణం వెలుపలి నుంచి అందే సంకేతాల మీద ఆధారపడి ఉంటుంది. ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇస్తున్నారన్న ప్రశ్నకు అర్థమే లేదు. దీనికి జాన్ గర్డన్ 1962లో ప్రకటించిన ప్రయోగం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. కప్ప పిల్ల పేగు కణం నుంచి తీసిన కేంద్రకాన్ని, సొంత కేంద్రకాన్ని నిర్వీర్యం చేసిన కప్ప గుడ్డులో పెడితే, కొన్నింటి నుంచి కప్ప పిల్లలు ఎదిగాయి. 1996లో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది కూడా ఇదే దారిలో, పెద్ద గొర్రె పొదుగు కణపు కేంద్రకం నుంచి. పేగు కణంలో పేగుకు కావలసిన పుటలే తెరిచి ఉంచిన కేంద్రకం, గుడ్డులోని కణద్రవ్యంలోకి రాగానే మొదటి పుట నుంచి చదవడం మొదలుపెట్టింది. కేంద్రకమే అధికారి అయితే చుట్టూ ఉన్న ద్రవ్యం మాట అది ఎందుకు విన్నదో ఏ పురపాలక కార్యాలయమూ వివరించలేదు.

కణత్వచాన్ని కాపలాదారుడితో పోల్చడం మీద వాదన కంటే ప్రయోగం మేలు. రియో అనే అలంకరణ మొక్క ఆకు అడుగు భాగపు ఊదారంగు పొరను ఒలిచి, నీటి చుక్కలో పెట్టి సూక్ష్మదర్శినిలో చూడమనండి. ప్రతి గదీ అంచుల దాకా ఊదారంగుతో నిండి ఉంటుంది. ఇప్పుడు గాజుపలక ఒక పక్కన చిక్కని ఉప్పునీటి చుక్క వేసి, రెండో పక్క నుంచి అద్దుడు కాగితంతో నీటిని లాగితే, కొద్ది నిమిషాల్లోనే ఆ రంగు గది గోడలను వదిలి మధ్యకు ముడుచుకుపోతుంది. గోడ మాత్రం ఉన్న చోటనే ఉంటుంది. మళ్లీ మంచినీరు పంపితే, ఆలస్యం చేయకపోతే, రంగు తిరిగి అంచుల దాకా వ్యాపిస్తుంది. కణకవచం వేరు, కణత్వచం వేరు అని నోటితో చెప్పి ఒప్పించలేని సంగతి అప్పుడు చెప్పకుండానే తేటపడుతుంది. లోపలి నీరు కాపలాదారుడిని అనుమతి అడిగి బయటికి పోలేదు, అతను ఆపనూ లేదు. రెండు పక్కల గాఢతల్లో ఉన్న తేడాయే దానికి దిక్కు చూపింది. కాపలాదారుడి పోలిక పనికొచ్చేది ఆ తర్వాతే: గ్లూకోజు, సోడియం, పొటాషియం వంటివాటికి త్వచంలో వేర్వేరు ప్రోటీను దారులు ఉన్నాయని, కొన్నింటిని గాఢతకు ఎదురుగా పంపడానికి కణం శక్తిని ఖర్చు చేస్తుందని చెప్పేటప్పుడు. ద్వారం అనే మాట ఇంకో పొరపాటుకూ తావిస్తుంది. 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చిన నమూనా ప్రకారం ఆ త్వచం గట్టి గోడ కాదు, దాని అణువులు నిరంతరం పక్కకు జరుగుతూ ఉండే పలుచని ద్రవపు పొర.

లైసోజోముల గురించి క్లుప్తంగా చెబుతాను. పాఠ్యపుస్తకాల్లో ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’ అని, మీ పాఠంలో చెత్తకుండీ అని ఉంది. కుండీలో చెత్త ఉన్నచోటే ఉంటుంది. లైసోజోములో అది విడిపోయి, పనికొచ్చే అణువులుగా మారి, తిరిగి కణద్రవ్యంలోకి వస్తుంది. అక్కడి ఎంజైముల్లో ఒక్కటి పుట్టుకతో లోపించినా విడగొట్టని పదార్థం పేరుకుపోయి టే-శాక్స్ వంటి ప్రాణాంతక వ్యాధులు వస్తాయి. ఆ సంచి ఒకటి పగిలితే కణం చచ్చిపోతుందనడం కూడా అతిశయోక్తే. ఆ ఎంజైములు ఆమ్ల వాతావరణంలో చురుగ్గా పనిచేస్తాయి, కణద్రవ్యం దాదాపు తటస్థం. కణం తనను తాను క్రమపద్ధతిలో ముగించుకునే ప్రక్రియలో తరచుగా కీలక పాత్ర వహించేది, విచిత్రంగా, మన శక్త్యాగారమైన మైటోకాండ్రియా.

గాల్జి సంక్లిష్టానికి తపాలా కార్యాలయం పోలికను మాత్రం నేను మనసారా సమర్థిస్తాను. లైసోజోముకు వెళ్లవలసిన ఎంజైములకు గాల్జిలో ఒక చక్కెర ఫాస్ఫేటు గుర్తు పడుతుంది; చిరునామా లాంటి ఆ గుర్తు పడకపోతే అవి దారి తప్పి కణం బయటికి వెళ్లిపోతాయి. దీనివల్ల వచ్చే జబ్బు కూడా వైద్యులకు తెలుసు. కాకపోతే ఏ తపాలా కార్యాలయమూ ఉత్తరాన్ని విప్పి లోపలి మాటలు మార్చదు; గాల్జి తన చేతికి వచ్చిన ప్రోటీన్లకు చక్కెరలను తగిలించి, తొలగించి, మార్చి మరీ పంపుతుంది.

నగరం బొమ్మ మొత్తంగా చేసే చెరుపు వేరే ఉంది. అందులో ప్రతి కణాంగం ఒక్కటో రెండో ఉంటుంది, మధ్యలో విశాలమైన ఖాళీ ఉంటుంది. ఒక కాలేయ కణంలో వెయ్యికి పైగా మైటోకాండ్రియా, లక్షల సంఖ్యలో రైబోజోములు ఉంటాయి. కణద్రవ్యంలో ఖాళీ అంటూ ఉండదు, ప్రోటీన్లతో కిక్కిరిసి ఉంటుంది. పైగా ఏ నగరమూ ఒక రోజులో తనను తాను మొత్తం నకలు తీసుకుని రెండు నగరాలుగా విడిపోదు. కణ విభజన పాఠానికి వచ్చేసరికి పిల్లలు తడబడడానికి అంతకుముందు నెలలో గోడకు తగిలించిన ఆ బొమ్మ కూడా కొంత కారణమని నా అనుమానం. ఇక పోటీల పేరుతో ఇంట్లో పెద్దవాళ్లు చేసిపెడుతున్న థర్మాకోల్ నగరాల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

ఇవన్నీ చూసి పోలికలను మానేయమని నేను అనడం లేదు. మంచి పోలికలో రూపాలు కలవడం కంటే భాగాల మధ్య సంబంధాలు కలవడం ముఖ్యమని మనస్తత్వవేత్త డెడ్రి గెంట్నర్ 1983లో వివరించారు. గాల్జి తపాలా కార్యాలయంలా కనిపించకపోయినా ఆ పోలిక నిలబడడానికి కారణం అదే. పోలికలతో బోధించడానికి షాన్ గ్లిన్ రూపొందించిన క్రమంలో పోలిక ఎక్కడ విఫలమవుతుందో చూపడం ఒక విడి అంచె. మన తరగతుల్లో ఎగిరిపోతున్న అంచె అదే. దాన్ని నిలబెట్టడానికి ప్రత్యేక పరికరాలేమీ అక్కరలేదు. నల్లబల్ల మీద నిలువుగీత గీసి, ఒక పక్క కుదిరేవి, రెండో పక్క కుదరనివి పిల్లల చేతనే రాయిస్తే చాలు. రెండో పక్క ఎక్కువగా నిండేది వెనుక బెంచీల వాళ్లతోనే అని అనుభవం మీద చెబుతున్నాను. మరో జాగ్రత్త కూడా అవసరం: పోలికకు ఎంచుకున్న వస్తువు విద్యార్థికి ముందే తెలిసినదై ఉండాలి. కర్మాగారంలోపల ఏం జరుగుతుందో ఎన్నడూ చూడని పిల్లకు కణం కర్మాగారం వంటిదని చెబితే ఆమెకు తెలియని విషయాలు రెండవుతాయి. అందుకే పోలికను మనం ఇవ్వకుండా, కణాంగం చేసే పని ముందు చెప్పి, దేనితో పోల్చవచ్చో వాళ్లనే వెతుక్కోమనడం మంచిది. ఎందుకు పోల్చారో, ఎక్కడ కుదరలేదో రెండు వాక్యాలు రాయమని అడగాలి.

ఇంతటికీ పీరియడ్లు ఎక్కడున్నాయని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా సలహా ఏమిటంటే, ప్రతి కణాంగానికీ ఒక పోలిక వెతకడం మానుకుని కేంద్రకం, మైటోకాండ్రియా, కణత్వచం మూడింటికీ పోలికను చివరిదాకా నడిపించి, మిగిలినవాటి పనిని సూటిగా చెప్పి వదిలేయడం. కణంలో ద్రవంతో నిండిన సంచి అయిన రిక్తికకు నీళ్ల ట్యాంకు, అంతర్జీవద్రవ్యజాలానికి రహదారి అని అతికించడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

అయితే ఉపాధ్యాయుడు ఎంత శ్రమపడినా, ‘కణ శక్త్యాగారం అని దేనిని అంటారు?’ అనే ఒక్క మార్కు ప్రశ్న పరీక్షలో ఉన్నంత కాలం విద్యార్థి బిరుదునే బట్టీ పడతాడు. ఆ ప్రశ్న కణం గురించి అడగడం లేదు, ఒక మారుపేరు గుర్తుందా అని మాత్రమే అడుగుతున్నది. మీ పత్రికతో సహా విద్యార్థి పుటలన్నీ ఇలాంటి బిట్లనే ఏటా అచ్చు వేస్తున్నాయి కనుక మీకూ ఇందులో భాగం ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను. దాని స్థానంలో ‘మైటోకాండ్రియాను జలవిద్యుత్ కేంద్రంతో పోల్చవచ్చా? సరిపోయే అంశం ఒకటి, సరిపోని అంశం ఒకటి కారణంతో రాయండి’ అని రెండు మార్కులకు అడగవచ్చు. ప్రశ్నపత్రం తయారుచేసే వారు దీనికి తోడుగా మూల్యాంకన సూచనల్లో ఒక్క వాక్యం చేర్చాలి: తేడాగా విద్యార్థి రాసింది సూచనల్లో ముద్రించిన జవాబుతో కలవకపోయినా, శాస్త్రపరంగా సరైనదైతే పూర్తి మార్కు ఇవ్వాలని. తీగలు లేవు అని ఒక అమ్మాయి రాస్తే, ఆ జవాబు సూచనల్లో లేదని దిద్దేవారు కొట్టివేయకుండా ఉండడానికి ఆ వాక్యం అవసరం.

భవదీయ,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని